సెలవుల్లో కత్తెర పిల్లల చేతిలోనే ఉండనివ్వండి



డిసెంబరు నెల మొదలైందంటే పిల్లల డైరీల్లో రాసే విషయాలు మారతాయి. క్రిస్మస్‌కు స్టార్ చేసుకు రమ్మని, కొత్త సంవత్సరానికి గ్రీటింగ్ కార్డు వేసుకు రమ్మని, సంక్రాంతి సెలవుల తర్వాత ముగ్గు చార్టు గానీ పతంగి గానీ తెమ్మని రాసి పంపిస్తాం. డైరీ పిల్లలదే కానీ పని మాత్రం చాలా ఇళ్లలో పెద్దల మీద పడుతుందని మాకు తెలుసు. సెలవులు అయిపోయే ముందు రోజు రాత్రి భోజనాలయ్యాక అమ్మ కత్తెర పట్టుకుంటుంది, నాన్న ఫెవికాల్ కోసం షాపుకు పోతాడు, పిల్లలేమో నిద్రపోతారు. టైం లేని వాళ్లు స్టేషనరీ షాపులో రెడీమేడ్‌గా కొనేస్తారు.

తెల్లారి మా టేబుల్ మీదికి చాలా అందమైన స్టార్లు వస్తాయి. "ఇది ఎట్లా చేశావు నాన్నా?" అని అడిగితే కొందరు పిల్లలు సంతోషంగా చెప్తారు. కొందరు "అమ్మ చేసింది టీచర్" అంటారు. ఇంకొందరు తలొంచుకుని "నాకు రాదు టీచర్" అంటారు. ఈ మూడో మాట గురించే ఈ నెల మీతో మాట్లాడాలనుకుంటున్నాను. ఆరేళ్ల పాపకు కత్తెరతో గుండ్రంగా కత్తిరించడం రాకపోతే దిగులు పడాల్సింది లేదు, నాలుగు రోజులు చేస్తే వస్తుంది. కానీ "నాకు రాదు" అని పాప ముందే తేల్చేసుకుంటే మాత్రం కత్తెరతోనే ఆగదు. లెక్కల పుస్తకం తెరిచినప్పుడు కూడా అదే మాట వస్తుంది.

అందుకే ఈ సెలవులకు మీకొక చిన్న విన్నపం, కొన్ని పనులు. విన్నపం ఏమిటంటే, పండుగ పనుల్లో కత్తెర, జిగురు, రంగులు పిల్లల చేతిలోనే ఉండనివ్వండి. వంకరగా వచ్చినా అట్లాగే బడికి పంపండి.

చిన్న చేతికి ఇంత పని ఎందుకు?

మన మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు ఉంటాయి. పుట్టినప్పుడు అవి గట్టి ఎముకలుగా ఉండవు, మెత్తటి మృదులాస్థిగా ఉంటాయి. ఏడాదులు గడిచేకొద్దీ ఒక్కొక్కటే గట్టిపడతాయి. అన్నిటికన్నా చివరిది తొమ్మిది నుంచి పన్నెండేళ్ల మధ్యలో గానీ గట్టిపడదు. అంటే మన ఎల్‌కేజీ, యూకేజీ పిల్లల చెయ్యి ఇంకా తయారవుతూనే ఉంది. ఆ చేతితో నాలుగు గీతల కాపీ పేజీల కొద్దీ రాయమంటే నొప్పి పుడుతుంది, పెన్సిల్ పిడికిట్లోకి జారుతుంది, అక్షరం వంకర పోతుంది. అప్పుడు మనం "హ్యాండ్‌రైటింగ్ బాగాలేదు" అంటాం.

బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు ఈ మూడింటితో పెన్సిల్ పట్టుకోవడం మామూలుగా నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య కుదురుకుంటుంది. ఆ మూడు వేళ్లకు బలం రాత పనితో ఒక్కదానితోనే రాదు. కాగితం చింపడం, ఉండ చుట్టడం, మడత మీద గోరుతో గట్టిగా గీయడం, కత్తెర తెరిచి మూయడం, జిగురు అద్దడం ఇవన్నీ ఆ వేళ్లకు వ్యాయామమే. కత్తెర పట్టినప్పుడు ఒక చెయ్యి కోస్తుంది, రెండో చెయ్యి కాగితాన్ని తిప్పుతుంది. రెండు చేతులు రెండు వేరువేరు పనులు చేస్తూ కలిసి నడవడం చిన్న విషయం కాదు.

"ఇవన్నీ చేయిస్తే చదువు టైం వేస్ట్ కదా మేడమ్?" అని పేరెంట్స్ మీటింగులో అడిగేవారు ఉంటారు. ఆ ప్రశ్న అడగడం తప్పేమీ కాదు. ఫీజు కట్టేది మీరు, పిల్లల భవిష్యత్తు గురించి ఆలోచించేది మీరు. రంగులు వేసినందుకు ర్యాంకు వస్తుందని నేను చెప్పను. కానీ ఆలోచించండి. ఒక కాగితాన్ని సమానంగా మడవడం భిన్నాలు. ముగ్గు చుక్కలు పెట్టడం లెక్కింపు. పతంగికి పుల్ల వంచడం సౌష్ఠవం, అంటే మేము క్లాసులో సిమెట్రీ అని చెప్పేది. వీటన్నిటికన్నా ముఖ్యం, మొదలుపెట్టిన పనిని అరగంట కూర్చుని పూర్తి చేయడం. ఈ ఓపిక రేపు పెద్ద క్లాసుల్లో చాలా అవసరం పడుతుంది.

ఇది మన బడి ఒక్కటే అంటున్నది కాదు. 1837లో జర్మనీలో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ అనే ఆయన ప్రపంచానికి కిండర్‌గార్టెన్ పద్ధతిని పరిచయం చేశాడు. ఆ పద్ధతిలో కాగితం మడవడం, కాగితం అల్లడం, కత్తిరించడం రోజువారీ పాఠాలే. మన దేశంలో 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశ అని పిలిచి, ఆట ద్వారా, చేతి పని ద్వారా నేర్పమని చెప్పింది. ఆ వయసు పిల్లల కోసమే కేంద్ర విద్యాశాఖ 2023 ఫిబ్రవరి 20న 'జాదుయీ పిటారా' అనే ఆట సామాన్ల పెట్టెను విడుదల చేసింది.

ముందు సామాన్లు సర్దుకుందాం

పెద్దగా కొనాల్సింది ఏమీ లేదు. ఏడాది చివర కాబట్టి పాత క్యాలెండర్ షీట్లు ఉంటాయి, వాటి వెనక తెల్లగా గట్టిగా ఉంటుంది. పెళ్లి పత్రికలు, స్వీట్ డబ్బాల అట్టలు, పాత న్యూస్ పేపర్లు, అయిపోయిన నోటుబుక్కుల ఖాళీ పేజీలు ఒక అట్టపెట్టెలో వేసి పెట్టండి. పతంగి కాగితాలు నాలుగు రంగులవి, మొన మొద్దుగా ఉన్న పిల్లల కత్తెర ఒకటి, క్రేయాన్లు ఒక డబ్బా కొంటే చాలు.

జిగురు ఇంట్లోనే చేసుకోవచ్చు. ఒక చెంచా మైదాపిండిని ఆరు చెంచాల నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నటి మంట మీద చిక్కబడే దాకా తిప్పండి. చల్లారాక పిల్లలు వేలితోనే రాసుకోవచ్చు. మిగిలితే మర్నాటికి పుల్లటి వాసన వస్తుంది కాబట్టి ఆ రోజుకు సరిపడా మాత్రమే చేయండి.

విరిగిన క్రేయాన్లు పారేయకండి. పొడవు క్రేయాన్‌ను పిల్లలు పిడికిలితో పట్టేస్తారు. చిన్న ముక్కను పిడికిలితో పట్టలేరు, వేళ్ల కొనలతోనే పట్టాలి. అదే మనకు కావాల్సిన పట్టు. మీ బాబు ఎడమ చేత్తో కత్తెర పడితే పట్టనివ్వండి, కుడి చేతికి మార్చకండి. ఎడమచేతి వాళ్ల కోసం వేరే కత్తెరలు కూడా దొరుకుతాయి.

ఇంట్లో మూడేళ్ల లోపు తమ్ముడో చెల్లెలో ఉంటే పూసలు, చమ్కీలు, చిన్న ముక్కలు నేల మీద వదలకండి, నోట్లో పెట్టుకుంటారు.

ఒకటి: క్రిస్మస్ నక్షత్రం

క్రిస్మస్‌కు వేలాడదీసే కాగితపు నక్షత్రం వెనక ఒక మంచి కథ ఉంది. జర్మనీలోని నీస్కీ అనే ఊళ్లో మొరావియన్ క్రైస్తవుల బడి ఒకటి ఉండేది. 1830లలో అక్కడ పిల్లలకు జ్యామితి పాఠంగా కాగితాలతో కోణాలు కోణాలుగా ఉండే నక్షత్రం చేయించారు. అదే తర్వాత ఇంటింటి నక్షత్రం అయింది. ఇప్పుడు దొరికే ఆ రకం నక్షత్రానికి చతురస్రపు అడుగున్న కొనలు 17, త్రిభుజపు అడుగున్నవి 8, మొత్తం 25 ఉంటాయి. క్లాసులో చేసిన ఒక లెక్కల పని ఇప్పుడు ఎన్నో ఇళ్ల ముందు వెలుగుతోంది.

అంత పెద్దది మనకొద్దు. చిన్న క్లాసుల పిల్లలకు నాలుగు కొనల నక్షత్రం చాలు. చతురస్రపు పతంగి కాగితాన్ని సగానికి, మళ్లీ సగానికి మడవండి. ఇప్పుడు చిన్న చతురస్రం వస్తుంది. కాగితం నడిమధ్య మూల ఏదో చూసుకుని, ఆ మూల నుంచి ఎదురు మూలకు ఐమూలగా మడవండి. త్రిభుజం వస్తుంది. నడిమి మూలను చేత్తో పట్టుకుని, ఎదురు వైపు ఒక్కసారి వాలుగా కత్తిరించండి. విప్పితే నక్షత్రం.

మూడో తరగతి పైబడిన పిల్లలు ఆరు కొనలది చేయగలరు. చతురస్రాన్ని ఐమూలగా ఒకసారి మడిచి, వచ్చిన పెద్ద త్రిభుజపు పొడవాటి మడత మధ్యలో వేలు పెట్టి, రెండు పక్కలనూ ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా మూడు సమాన భాగాలుగా మడవాలి. దాన్ని మళ్లీ సగానికి మడిచి వాలుగా కత్తిరించాలి. పన్నెండు పొరలు ఉంటాయి కాబట్టి పలుచటి కాగితమే తీసుకోండి.

విప్పే ముందు ఒక్క ప్రశ్న అడగండి. "ఎన్ని కొనలు వస్తాయి?" పిల్లలు ఏదో ఒక అంకె చెప్తారు. తప్పు చెప్పినా సరిదిద్దకండి, కాగితమే విప్పి చెప్తుంది.

రెండు: మెదక్ చర్చి కిటికీ

క్రిస్మస్‌కు మన వైపు నుంచి కూడా చాలా కుటుంబాలు మెదక్ చర్చికి పోతుంటాయి. 1924 డిసెంబరు 25న ప్రారంభమైన ఆ చర్చిలో ఏసు జననం, శిలువ, ఆరోహణం చూపించే మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలు ఉన్నాయి. ఎండ వాటి మీద పడితే లోపల బొమ్మలు వెలుగుతాయి. ఇంట్లో అటువంటి కిటికీ చేయడం చాలా తేలిక.

తెల్ల కాగితం మీద నల్ల స్కెచ్ పెన్నుతో పెద్ద పెద్ద గళ్లు గీయమనండి. నక్షత్రం, కొవ్వొత్తి, పువ్వు, పతంగి, ఏదైనా సరే. ఒక్కో గడిలో క్రేయాన్‌తో ఒత్తి ఒత్తి రంగు నింపాలి. కాగితం తిప్పి, వెనక దూదితో రెండు చుక్కల కొబ్బరి నూనె పలుచగా రాయండి. కాగితం వెలుతురును లోపలికి రానిచ్చేలా అవుతుంది. పొడి న్యూస్ పేపర్‌తో అద్ది, పొద్దున ఎండ పడే కిటికీకి అంటించండి. ఏ పండుగ చేసుకునే ఇల్లయినా ఈ కిటికీ బాగుంటుంది.

రంగు గీత దాటిందని మాత్రం అనకండి. గీత లోపలే రంగు నింపడం ఒక నైపుణ్యం, అది మెల్లగా వస్తుంది. రోజూ అచ్చు వేసిన కలరింగ్ పుస్తకమే ఇస్తే పిల్లలు ఇంకొకరి బొమ్మకు రంగేస్తూనే ఉంటారు. వారంలో సగం రోజులైనా ఖాళీ కాగితం ఇవ్వండి.

మూడు: నానమ్మ ముగ్గు, మన లెక్క

ధనుర్మాసంలో పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేసేది ఎక్కువగా ఇంట్లో పెద్దవాళ్లే. సెలవులకు ఊరికి పోతే పిల్లల్ని నానమ్మ, అమ్మమ్మ పక్కన కూర్చోబెట్టండి. చేతిలో ముగ్గుపిండి జారే తీరును చూడమనండి. వేళ్ల మధ్య నుంచి సన్నగా, ఆగకుండా పడాలంటే ఎంత అదుపు కావాలో చేసి చూస్తే గానీ తెలియదు.

తర్వాత అదే ముగ్గు కాగితం మీద. "ఏడు చుక్కలు, సందు చుక్క నాలుగు వరకు" అని పెద్దవాళ్లు చెప్పే కొలత తీసుకుందాం. మధ్య వరుసలో 7 చుక్కలు. దానికి పైన, కింద చుక్కల సందుల్లో 6 చొప్పున. తర్వాత 5 చొప్పున, చివర 4 చొప్పున. చుక్కలన్నీ కలిపితే ఎన్ని? పిల్లలు ఒక్కొక్కటి లెక్కపెట్టినా ఫర్వాలేదు. నాలుగో తరగతి వాళ్లయితే 6, 5, 4 కలిపితే 15, రెండు వైపులా 30, మధ్యవి 7 అని 37 చెప్పేస్తారు. బయటి చుక్కలు కలిపితే ఆరు భుజాల ఆకారం వస్తుంది. దాని పేరు షడ్భుజి అని అప్పుడు చెప్పండి, పుస్తకంలో చదివినదానికన్నా బాగా గుర్తుంటుంది.

రంగులు వేసేటప్పుడు ఒక్క నియమం పెట్టండి: ఎదురెదురు భాగాలకు ఒకే రంగు. సిమెట్రీ అంటే ఏమిటో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

నాలుగు: కాగితపు సకినాలు

సంక్రాంతికి మన ఇళ్లలో సకినాలు లేకపోతే పండుగ లేదు. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, బట్ట మీద చేత్తో మెలి తిప్పుతూ చుట్టు మీద చుట్టు పోస్తారు. చిన్న ముద్ద పిండి ఇచ్చి పిల్లల్ని ఒక్క చుట్టు పోయమనండి. తెగిపోతుంది. మళ్లీ పోస్తారు. వేళ్లకు ఇంతకు మించిన పని ఏ కిట్‌లోనూ దొరకదు. నూనె మూకుడు దగ్గరికి మాత్రం రానివ్వకండి.

దీన్నే కాగితంతో చేద్దాం. పాత క్యాలెండర్‌ను అర సెంటీమీటరు వెడల్పు పట్టీలుగా కత్తిరించండి. చీపురు పుల్లకు పట్టీ చివర అంటించి గట్టిగా చుట్టాలి. పుల్ల తీసేసి, చుట్టను కొంచెం వదులు చేసి, చివర జిగురు పెడితే సకినం లాంటి చుట్ట వస్తుంది. ఇట్లాంటి చుట్టలు పది చేసి అట్ట మీద అంటిస్తే పువ్వు, పదిహేను చేస్తే గ్రీటింగ్ కార్డు. పెద్ద క్లాసుల్లో దీన్నే క్విల్లింగ్ అంటారు.

ఐదు: కాగితం మీద మన నేత

మన జిల్లాల పిల్లలకు ఇంటి పక్కనే గొప్ప బడి ఉంది, అదే మగ్గం. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో గద్వాల, నారాయణపేట, పాత నల్లగొండ జిల్లాలో పోచంపల్లి, పుట్టపాక. పోచంపల్లిని 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. మీ బీరువాలో ఈ ఊళ్ల చీర ఒకటైనా ఉంటుంది. దాన్ని తీసి పిల్లలకు చూపించండి.

గద్వాల చీరలో నూలు ఒళ్లు, పట్టు అంచు వేరువేరు దారాలతో నేసి మగ్గం మీదే కలుపుతారు. ఆ కలిపే పద్ధతిని కుప్పడం అంటారు. పిల్లలతో కాగితపు నేత చేయించడానికి ఇది మంచి మొదలు. 20 సెంటీమీటర్ల చతురస్రపు అట్ట కాగితాన్ని సగానికి మడిచి, మడత వైపు నుంచి 2 సెంటీమీటర్ల దూరంలో గీతలు గీసి కత్తిరించాలి. అవతలి అంచుకు 2 సెంటీమీటర్లు ముందే ఆపాలి. విప్పితే నిలువు పట్టీలు, అదే పడుగు. వేరే రంగు కాగితాన్ని 2 సెంటీమీటర్ల పట్టీలుగా కత్తిరిస్తే అది పేక. మొదటి పట్టీ ఒకసారి పైనుంచి, ఒకసారి కిందనుంచి. రెండో పట్టీ దానికి తిరగలు. చివరి రెండు పట్టీలు వేరే రంగువి పెడితే అంచు వచ్చేస్తుంది. పట్టీల వెడల్పు తగ్గిస్తే నారాయణపేట చీరల్లో ఉండే చిన్న గళ్లు కనిపిస్తాయి.

పోచంపల్లి పని ఇంకో రకం. అక్కడ డిజైన్‌ను ముందు గ్రాఫ్ కాగితం మీద గళ్లలో గీస్తారు. దాని ప్రకారం దారాలను అక్కడక్కడ గట్టిగా కట్టి రంగులో ముంచుతారు, కట్టిన చోట రంగు ఎక్కదు. రంగులు వేసిన తర్వాతే మగ్గం ఎక్కిస్తారు. పిల్లలకు గళ్ల లెక్కల నోటుబుక్కు పేజీ ఇవ్వండి. మధ్యలో నిలువు గీత, అడ్డగీత గీసి, ఒక్క పావు భాగంలోనే గళ్లకు రంగు నింపమనండి. మిగతా మూడు భాగాలు అద్దంలో చూసినట్టు నింపాలి. గళ్లు లెక్కపెట్టకుండా ఈ పని ముందుకు పోదు.

పోచంపల్లి చీరను దగ్గర నుంచి చూపించి ఇంకొక మాట చెప్పండి. అందులో రంగు అంచులు స్కేలు పెట్టి గీసినట్టు ఉండవు, కాస్త చెదిరినట్టు ఉంటాయి. చేత్తో కట్టిన దారానికి అది సహజం, కొనేవాళ్లు ఆ చెదిరిన అంచు చూసే అది అచ్చమైన ఇక్కత్ అని గుర్తుపడతారు. మీ పాప వేసిన రంగు గడి దాటినప్పుడు ఈ మాట మనకు కూడా గుర్తుండాలి.

ఆరు: పతంగి, నూలు దారం

తొమ్మిదేళ్లు పైబడిన పిల్లలు పెద్దవాళ్ల పక్కన కూర్చుని పతంగి చేయగలరు. 30 సెంటీమీటర్ల చతురస్రపు పతంగి కాగితం తీసుకోండి. ఒక మూల నుంచి ఎదురు మూలకు నిలువు పుల్ల కావాలి, సుమారు 42 సెంటీమీటర్లు. ఏడో, ఎనిమిదో తరగతి పిల్లలయితే ఈ 42 ఎట్లా వచ్చిందో పైథాగరస్ సిద్ధాంతంతో లెక్క కట్టమనండి. రెండో పుల్ల సన్నగా, వంగేలా ఉండాలి. దాన్ని విల్లులా వంచి మిగతా రెండు మూలలకు అంటించాలి. కింద కాగితం తోక. వెదురు పుల్లలు చీల్చే పని పెద్దవాళ్లదే.

దారం మాత్రం మామూలు నూలు దారమే ఇవ్వండి. చైనా మాంజా అని పిలిచే నైలాన్, సింథటిక్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 జులై 11న దేశమంతటా నిషేధించింది. అది తెగదు, మట్టిలో కలవదు. పక్షుల రెక్కలను, బైకు మీద పోయేవాళ్ల గొంతులను కోస్తుంది. పిల్లలు షాపులో అడిగినా మీరు "వద్దు" అనండి, ఎందుకో కూడా చెప్పండి. గోడ లేని మిద్దె మీద, కరెంటు తీగల దగ్గర పతంగి ఎగరేయనివ్వకండి.

భోగి మంటలో కూడా ప్లాస్టిక్ కవర్లు, థర్మాకోల్, చమ్కీ కాగితాలు వేయకండి, ఆ పొగ పిల్లల ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ఏ వయసుకు ఎంత?

మూడు నుంచి నాలుగేళ్ల పిల్లలు కాగితం చింపడం, అంటించడం, కత్తెరతో అంచున చిన్న చిన్న గాట్లు పెట్టడం చేస్తే చాలు. నాలుగు నుంచి ఐదేళ్లకు తిన్నని గీత మీద కత్తిరించడం వస్తుంది. ఐదు నుంచి ఆరేళ్లకు పెద్ద వృత్తం, చతురస్రం. ఏడు, ఎనిమిదేళ్లకు చెప్పిన వరుసలో మడతలు పెట్టడం, స్కేలుతో కొలవడం. పిల్లలందరూ ఒకేలా ఉండరు, ఆరు నెలలు ముందూ వెనకా మామూలే. ఆరేళ్లు దాటాక కూడా గుండీలు పెట్టుకోవడం, చెంచా పట్టడం, కత్తెర పట్టడం అన్నీ కష్టంగానే ఉంటే క్లాస్ టీచర్‌తో ఒకసారి మాట్లాడండి, అవసరమైతే పిల్లల డాక్టరుకు చూపించండి.

ఫోన్ గురించి కూడా ఒక్క మాట. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట కన్నా ఎక్కువ స్క్రీన్ వద్దని, తక్కువైతే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. "ఫోన్ పెట్టెయ్" అని పదిసార్లు అనడం కన్నా చేతిలో కాగితం పెట్టడం తేలిక. చేతులకు జిగురు అంటితే ఫోన్ పట్టుకోలేరు కూడా!

మీరు చేయాల్సింది

పక్కన కూర్చోండి. మీరు కూడా ఇంకో కాగితం తీసుకుని మీది మీరు చేయండి. పిల్లల కాగితం మీద చెయ్యి వేయకండి. మడత ఎట్లా పెట్టాలో మీ కాగితం మీద చూపించండి, వాళ్ల కాగితం వాళ్లు మడుచుకుంటారు. ఈ ఒక్క పద్ధతి పాటిస్తే మిగతావన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి.

"ఇటివ్వు, నేను చేస్తా" అనే మాట నోటి దాకా వస్తుంది. మనకు పనులుంటాయి, టైం ఉండదు. టైం లేకపోతే ఆ రోజుకు ఆపేసి రేపు చేద్దామనండి. సగం చేసిన స్టార్ ఒక రాత్రి టేబుల్ మీద ఉంటే నష్టం లేదు.

"చాలా బాగుంది, సూపర్" అనడం కన్నా "ఈ మూల కత్తిరించేటప్పుడు కష్టమైందా?" "ఈ రంగే ఎందుకు వేశావు?" అని అడగండి. అట్లా అడిగితే పిల్లలు మాట్లాడతారు. పక్కింటి పాపతో, అక్కతో పోల్చకండి. చేసినదాన్ని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాలనిపిస్తే వాళ్లను అడిగి పెట్టండి.

మా వైపు నుంచి

సెలవులయ్యాక పిల్లలు చేసినవాటిలో ఏదైనా ఒక్కటి బడికి పంపండి. ఆరూ చేయాల్సిన పని లేదు. వెనకాల పేరు, తేదీ, "నేను ఇది ఇట్లా చేశాను" అని ఒకటి రెండు వాక్యాలు పిల్లలతోనే రాయించండి. తెలుగులో రాసినా ఇంగ్లీషులో రాసినా సరే. రాయడం రాని చిన్న పిల్లలు క్లాసులో నోటితో చెప్తారు, మేము వింటాం.

వచ్చిన ప్రతిదాన్నీ క్లాసు గోడకు పెడతాం. జిగురు మరకలు ఉన్నవాటిని, ఒక కొన పొట్టిగా ఉన్న నక్షత్రాలను కూడా. వీటికి మార్కులు ఉండవు, ఫస్ట్ ప్రైజ్ ఉండదు. జూన్‌లో చేసిన పనిని, జనవరిలో చేసిన పనిని పక్కపక్కన పెట్టి మీ బాబుకు, పాపకు చూపిస్తాం. ఏడు నెలల్లో చెయ్యి ఎంత మారిందో వాళ్లే చూసుకుంటారు. తర్వాతి పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చినప్పుడు మీరు కూడా ఆ గోడ దగ్గర రెండు నిమిషాలు ఆగండి. మీ పిల్లలు చేసింది ఏదో మీరే గుర్తుపట్టి, "ఎట్లా చేశావు?" అని అడగండి.

మీ అందరికీ క్రిస్మస్, నూతన సంవత్సర, సంక్రాంతి శుభాకాంక్షలు.